డిగ్రీ స్టాటిస్టిక్స్ క్లాసుకి ఏ ఉచిత సాఫ్ట్‌వేర్ పెడితే బాగుంటుంది?

సగటుమనిషి

అందరికీ నమస్కారం. వచ్చే సెమిస్టర్ డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్లకి స్టాటిస్టిక్స్ నేను చెప్పాలి. ఇంతకాలం వాడిన పెయిడ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఇక పొడిగించరట, ఉచితంగా దొరికేది చూసుకోమన్నారు. క్లాసులో సగం మంది మ్యాథ్స్ వాళ్లు. మిగతా సగం సైకాలజీ, కామర్స్, బయాలజీ కలగలుపు. కోడ్ ముఖం చూడనివాళ్లే ఎక్కువ. ల్యాబ్‌లో విండోస్ మెషీన్లు, అడ్మిన్ పాస్‌వర్డ్ నా చేతిలో ఉండదు. కొంతమందికి సొంత ల్యాప్‌టాప్ లేదు, ఫోనే దిక్కు.

సిలబస్ మామూలే: డేటా వర్ణన, గ్రాఫులు, కాస్త ప్రాబబిలిటీ, టి-టెస్ట్, కై-స్క్వేర్, అనోవా, సింపుల్ రిగ్రెషన్. ఆర్, జమోవి, జాస్ప్, పీఎస్‌పీపీ, పైథాన్ అని పేర్లు రాసుకున్నాను. క్లాసులో నిజంగా వాడినవాళ్లు చెప్పండి. "ఫలానాది నేర్చుకుంటే ఉద్యోగం గ్యారంటీ" లాంటివి వద్దు, వాటికి వేరే చోట్లున్నాయి.

శూన్యపరికల్పన

ఇందులో ఆలోచించడానికేముందండి, ఆర్. ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల మొదట్లో దాన్ని మొదలుపెట్టిందే పాఠం చెప్పడానికి. 1.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది (అందుకే దానికి పుట్టినరోజు నాలుగేళ్లకోసారి). జీపీఎల్ లైసెన్సు కాబట్టి డబ్బు కట్టక్కర్లేదన్నది ఒక్కటే కాదు, లోపల లెక్క ఎలా వేస్తోందో తెరిచి చదువుకోవచ్చు. క్రాన్ అనే ఆర్ భాండారంలో ప్యాకేజీలు 20 వేలు దాటాయి.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యం స్క్రిప్టు. విద్యార్థి ఏం చేశాడో వరుసగా రాసి ఉంటుంది. తప్పు ఏ లైన్లో జరిగిందో వేలు పెట్టి చూపించొచ్చు. మెనూల్లో క్లిక్కులు కొట్టుకుంటూ పోయినవాణ్ణి "ఈ అంకె ఎలా వచ్చింది బాబూ" అని అడగండి, దిక్కులు చూస్తాడు.

మెనూప్రియ

శూన్యపరికల్పన గారూ, మీరు చెప్పేది స్టాట్స్ మెయిన్‌గా తీసుకున్న మూడో సంవత్సరం పిల్లలకి. ఈ క్లాసులో మొదటి రెండు ల్యాబ్‌లూ బ్రాకెట్ మూయలేదని, కామా పోయిందని, ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో తెలియట్లేదని వచ్చే ఎర్రర్లకే సరిపోతాయి. సగటుకీ మధ్యగతానికీ తేడా చెప్పే టైము ఎక్కడ మిగులుతుంది?

నేను వాడేది జమోవి. సీఎస్‌వీ ఫైలు తెరిచి, వేరియబుల్‌ని ఎడమ గడిలోంచి కుడి గడిలోకి తోస్తే పక్కనే టేబుల్ వచ్చేస్తుంది. "రన్" బటన్ అంటూ లేదు. డేటాలో ఒక అంకె మారిస్తే సగటు, గ్రాఫు, పి-వాల్యూ (అసలు తేడా లేకపోతే ఇంత లేదా ఇంతకన్నా పెద్ద తేడా ఊరికే కనిపించే అవకాశం) అన్నీ అక్కడికక్కడే మారతాయి. ఔట్‌లయర్ పాఠం రోజున అన్నిటికన్నా పెద్ద విలువ 45 ఉంటే దాన్ని 450 చెయ్యమంటాను. సగటు అమాంతం ఎగురుతుంది, మధ్యగతం చలించదు. ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు, వాళ్లే నవ్వుతారు.

స్క్రిప్టు ఉండదన్నదీ పూర్తి నిజం కాదు. జమోవి లోపల నడిచేది ఆరే. సింటాక్స్ మోడ్ పెడితే ప్రతి టేబుల్‌తో పాటు దాని ఆర్ కోడ్ కనిపిస్తుంది. సేవ్ చేస్తే డేటా, ఎంచుకున్న ఆప్షన్లు, ఫలితాలు ఒకే ఫైల్లో ఉంటాయి. పిల్లలు పంపిన ఫైల్లో టేబుల్ మీద క్లిక్ చేస్తే వాళ్లు ఎక్కడెక్కడ టిక్కు పెట్టారో మొత్తం తెరుచుకుంటుంది. ఎవరూ దిక్కులు చూడరు.

కొండచిలువ

పైథాన్‌ని పక్కన పెట్టేస్తున్నారేంటి? గూగుల్ కొలాబ్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, అడ్మిన్ పాస్‌వర్డ్ గొడవే లేదు. పాండాస్, సైపై, స్టాట్స్‌మోడల్స్ లైబ్రరీలు ముందే ఎక్కించి ఉంటాయి. మ్యాథ్స్ పిల్లలు ఎలాగూ పైథాన్ వేరే పేపర్లో నేర్చుకుంటున్నారు కదా, అదే ఇక్కడా పనికొస్తుంది.

బాక్స్‌ప్లాట్

కొండచిలువ గారూ, పైథాన్‌కి నేను వ్యతిరేకిని కాదు గానీ ఒక చిన్న లెక్క చూడండి. 2, 4, 4, 4, 5, 5, 7, 9. సగటు 5. ప్రామాణిక విచలనం పైథాన్‌లోని నంపై లైబ్రరీని అడిగితే 2 అంటుంది. అదే డేటా పాండాస్‌కి ఇస్తే 2.14 అంటుంది. మొదటిది n తో భాగిస్తుంది, రెండోది n−1 తో. ఒకే నోట్‌బుక్‌లో, ఒకే సెల్‌లో రెండు జవాబులు. తెలిసినవాళ్లకి ఇది చక్కటి పాఠం. n−1 ఎందుకో ఇంకా చెప్పని మొదటి వారంలో మాత్రం పెద్ద తలనొప్పి.

ఆర్ అభిమానులు సంబరపడకండి, క్వార్టైల్స్ (డేటాని నాలుగు సమభాగాలు చేసే విలువలు) దగ్గరికి రండి. 2, 4, 6, 8, 10, 12, 14, 16 తీసుకోండి. మొదటి క్వార్టైల్ ఎంత? చాలా పుస్తకాల పద్ధతిలో కింది సగానికి మధ్యగతం, అంటే 5. ఆర్‌లో సమ్మరీ కొడితే 5.5 వస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్, మినిటాబ్ లెక్క ప్రకారం 4.5. ఇంకా తమాషా ఏమిటంటే, అదే ఆర్‌లో బాక్స్‌ప్లాట్ గీస్తే పెట్టె అడుగు గీత 5 దగ్గర ఉంటుంది. అది ట్యూకీ హింజెస్ (సగాల మధ్యగతాలు తీసే పద్ధతి) వాడుతుంది కాబట్టి. పైన సమ్మరీలో 5.5, కింద బొమ్మలో 5. ముందు బెంచీలో శ్రద్ధగా చూసే అమ్మాయి ఒకరు తప్పకుండా పట్టుకుంటారు. హైండ్‌మన్, ఫ్యాన్ 1996లో ఇలాంటి పద్ధతులు 9 వరసగా పెట్టారు, ఆర్‌లో తొమ్మిదీ ఉన్నాయి, ఏడోది డిఫాల్ట్.

కాబట్టి నా సలహా: ఏది ఎంచుకున్నా సరే, క్లాసులో వాడే పుస్తకంలోని లెక్కలన్నీ ముందు మీరు ఆ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూడండి. జవాబు ఎక్కడ తేడా వస్తోందో మీకు ముందే తెలియాలి.

సగటుమనిషి

బాక్స్‌ప్లాట్ గారూ, ఇది బంగారం లాంటి మాట. ఈ తేడాలు టి-టెస్ట్‌లో కూడా ఉంటాయా?

అనోవాఅక్క

ఉంటాయి తమ్ముడూ. ఆర్‌లో టి-టెస్ట్ ఫంక్షన్‌ని ఊరికే పిలిస్తే వెల్చ్ పద్ధతి చేస్తుంది, అంటే రెండు గ్రూపుల వేరియన్స్ (విలువలు ఎంత చెదిరి ఉన్నాయన్నది) సమానమని అనుకోదు. సైపైలో ఊరికే పిలిస్తే స్టూడెంట్ పద్ధతి, సమానమనే అనుకుంటుంది. జమోవి, జాస్ప్‌లో కూడా డిఫాల్ట్‌గా టిక్కు స్టూడెంట్‌కే ఉంటుంది, వెల్చ్ పక్కనే ఉంటుంది కాబట్టి రెండూ పెట్టి చూపించొచ్చు. నా మటుకు వెల్చ్‌నే మామూలు పద్ధతిగా నేర్పడం మేలనిపిస్తుంది.

అయితే అసలు ప్రమాదం ఈ డిఫాల్ట్‌లో లేదు. ఆర్‌లో స్లీప్ అనే డేటా ఉంది, "స్టూడెంట్" అనే కలం పేరుతో గాసెట్ 1908లో వాడినది. 10 మంది రోగులు, రెండు మందులు, ఎవరికి ఎన్ని గంటలు అదనంగా నిద్ర పట్టిందో లెక్క. మొదటి మందుకి సగటు 0.75 గంట, రెండోదానికి 2.33. వెల్చ్ చేస్తే పి-వాల్యూ 0.07939. స్టూడెంట్ చేస్తే 0.07919. చూశారా, ఈ రెంటికీ తేడా ఏమీ లేదు. ఇప్పుడు అదే డేటాని పెయిర్డ్‌గా చెయ్యండి, ఎందుకంటే రెండు మందులూ వేసుకున్నది అదే 10 మంది. పి-వాల్యూ 0.0028కి పడిపోతుంది. సాఫ్ట్‌వేర్ మూడింటినీ ఒకే మర్యాదతో లెక్కగట్టి ఇస్తుంది. "వీళ్లు అదే మనుషులా" అని అది అడగదు, అడగాల్సింది విద్యార్థి.

ఈ లెక్క చేత్తో కూడా చేయిస్తాను. ఒక్కో మనిషికీ తేడా తీస్తే ఒకరికి సున్నా, మిగతా 9 మందికీ రెండో మందే మెరుగు. మందుల్లో తేడా లేకపోతే ఇది తొమ్మిది సార్లు నాణెం ఎగరేస్తే తొమ్మిదీ ఒకే వైపు పడటం లాంటిది: 512లో 2, సుమారు 0.004. టి-టెస్ట్ చెప్పిన దానికి దగ్గర్లోనే ఉంది. కంప్యూటర్ ముట్టుకోకుండానే పి-వాల్యూ అంటే ఏమిటో బుర్రకెక్కుతుంది.

ఇంకొక్కటి. ఆర్ వాడేవాళ్లు పాత నోట్స్ చూసుకోండి. ఫార్ములా రాసి, దాని పక్కన పెయిర్డ్ ట్రూ అని పెట్టే పాత అలవాటు 4.4 వెర్షన్ నుంచి ఎర్రర్ ఇస్తుంది. వెబ్‌లో దొరికే సగం ట్యుటోరియల్స్‌లో ఇప్పటికీ అలాగే ఉంది.

శూన్యపరికల్పన

అక్కా, స్లీప్ డేటా ఉదాహరణ అదిరింది. కానీ అది నా వాదననే బలపరుస్తోంది కదా? పెయిర్డ్ అని రాయాల్సి వస్తే విద్యార్థి ఆగి ఆలోచిస్తాడు. మెనూలో అయితే పై నుంచి మొదటిది నొక్కేస్తాడు.

అనోవాఅక్క

ఆలోచించడు నాయనా, పక్కవాడి స్క్రిప్టు కాపీ కొడతాడు.

పాతకాపు

పీఎస్‌పీపీ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. ఇంతకాలం క్లాసులో నడిచింది ఎస్‌పీఎస్‌ఎస్ అయితే, పాత నోట్సూ .ఎస్‌ఏవీ ఫైళ్లూ కుప్పలుగా ఉంటే, గ్నూ వాళ్ల పీఎస్‌పీపీ ఒకసారి చూడండి. ఆ ఫైళ్లు నేరుగా తెరుస్తుంది, సింటాక్స్ చాలావరకు అదే. గడువు తీరిపోవడాలు, ఇన్ని కేసులే అనే పరిమితులు ఉండవు. మీ సిలబస్‌లో ఉన్నవన్నీ చేస్తుంది. గ్రాఫులు మాత్రం అంతంతమాత్రం, చూడటానికి పాతవాసన. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పను.

కామర్స్ పిల్లలు ముందు ముందు ఎకనామెట్రిక్స్ వైపు వెళ్లేట్టయితే గ్రెటెల్ కూడా చిన్నగా, చక్కగా ఉంటుంది. మొదటి కోర్సుకి అక్కర్లేదు.

కొత్తబెంచీ

నేను విద్యార్థిని, మాట్లాడొచ్చో లేదో. స్ప్రెడ్‌షీట్ అందరికీ వచ్చు కదా, ఎక్సెల్ లేదా లిబ్రాఫీస్ కాల్క్ సరిపోదా? కాల్క్‌లో డేటా మెనూ కింద స్టాటిస్టిక్స్ అని ఉంది, టి-టెస్ట్, అనోవా, రిగ్రెషన్ అన్నీ ఉన్నాయి.

బాక్స్‌ప్లాట్

కొత్తబెంచీ, తప్పకుండా మాట్లాడొచ్చు. డేటా ఎక్కించడానికి, శుభ్రం చేసుకోవడానికి స్ప్రెడ్‌షీటే వాడండి. విశ్లేషణకి రెండు భయాలు. ఒకటి, మీరు టైప్ చేసినదాన్ని అది తనకి తోచినట్టు మార్చేస్తుంది. జన్యువుల పేర్లు "మార్చ్1", "సెప్ట్1" లాంటివి ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని, చివరికి 2020లో జన్యు నామకరణ కమిటీయే ఆ పేర్లు మార్చుకోవాల్సి వచ్చింది. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, సైన్సే సర్దుకుంది.

రెండోది, ఫార్ములా ఏ అడ్డువరుసల దాకా వెళ్లిందో కంటికి కనిపించదు. రీన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు 2010లో దేశాల అప్పు, వృద్ధి మీద ఒక పేపర్ రాశారు. 2013లో హెర్న్‌డన్, యాష్, పోలిన్ ఆ స్ప్రెడ్‌షీట్ తెరిచి చూస్తే సగటు తీసిన ఫార్ములాలోకి 5 దేశాల వరసలు రానే లేదు. వాళ్లు ఎత్తిచూపిన లోపాల్లో అదొకటి. హెర్న్‌డన్ అప్పటికి పీహెచ్‌డీ విద్యార్థి, అదీ కోర్సు అసైన్‌మెంట్‌గా మొదలైన పని. మీలాంటి బెంచీ నుంచే వచ్చింది.

నమూనా

నాకు ఈ చర్చ ఒక మెట్టు పైనుంచి మొదలైందనిపిస్తోంది. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ తరఫున 2016లో వచ్చిన గెయిజ్ నివేదికలో కాలేజీ మొదటి కోర్సుకి ఆరు సూచనలున్నాయి. టెక్నాలజీని డేటా విశ్లేషణకే కాకుండా భావనలు అర్థం చేసుకోవడానికి కూడా వాడమని అందులో ఒకటి. ఆ రెండో పనికి ఆరూ, జమోవీ రెండూ ఎక్కువే.

బ్రౌజర్‌లో నడిచే స్టాట్‌కీ, రాస్‌మన్-ఛాన్స్ యాప్లెట్లు చూడండి. ఫోన్లో కూడా తెరుచుకుంటాయి, ఇన్‌స్టాల్ చెయ్యాల్సిందేమీ లేదు. బూట్‌స్ట్రాప్ శాంపిల్ (ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ తీసే శాంపిల్) ఒక్కోటి తీస్తుంటే చుక్కలు ఒక్కోటి వచ్చి పడతాయి. మొదట ఒకటి, తర్వాత పది, తర్వాత వెయ్యి. శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ అనే మాట నోటితో ఎంత చెప్పినా ఎక్కనివాళ్లకి ఆ చుక్కల గుట్ట పెరుగుతుంటే ఎక్కుతుంది. నేను మొదటి నెల ఇవే నడిపిస్తాను. ఆ తర్వాతే అసలు సాఫ్ట్‌వేర్.

కొండచిలువ

నమూనా గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఫోన్ మీద కొలాబ్ నడుస్తుందని గొప్పగా చెప్పొచ్చు గానీ, ఆ చిన్న కీబోర్డులో బ్రాకెట్లు కొట్టడం హింస.

ల్యాబ్‌కాపలా

టీచర్ని కాదు, ల్యాబ్ చూసుకునేవాణ్ణి. మీరంతా పి-వాల్యూల గురించి కొట్టుకుంటున్నారు, మొదటి రోజు వచ్చే గొడవలు వేరు.

ఆర్‌కి విండోస్‌లో అడ్మిన్ హక్కు తప్పనిసరి కాదు, యూజర్ ఫోల్డర్లో ఎక్కించుకోవచ్చు. ఆర్‌స్టూడియోకీ (ఆర్ కోడ్ రాసుకునే ఎడిటర్), జమోవికీ, జాస్ప్‌కీ జిప్ రూపం దొరుకుతుంది, విప్పి నడపడమే. ఆర్‌స్టూడియో తయారుచేసే కంపెనీ 2022లో పాజిట్ అని పేరు మార్చుకుంది, డౌన్‌లోడ్ కోసం వెతికేటప్పుడు తికమక పడకండి. క్లౌడ్‌లో కూడా ఉంది గానీ ఉచిత ఖాతాకి గంటల పరిమితి ఉంటుంది, అసైన్‌మెంట్ గడువు ముందు రాత్రి అందరికీ ఒకేసారి అయిపోతుంది.

విద్యార్థి విండోస్ యూజర్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో లేకపోతే ఆర్ ప్యాకేజీలు ఎక్కడంలో తేడాలొస్తాయి. 4.2 నుంచి విండోస్‌లో యూటీఎఫ్-8 వచ్చాక డేటాలో తెలుగు అక్షరాలు చాలావరకు బాగానే చదువుతోంది. గ్రాఫు శీర్షిక తెలుగులో పెట్టి మామూలు పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే మాత్రం అక్షరాల బదులు చుక్కలొస్తాయి. కైరో పీడీఎఫ్ వాడాలి, లేదా పీఎన్‌జీ.

అన్నిటికన్నా ముఖ్యం, అందరి దగ్గరా ఒకే వెర్షన్. ఆర్ 3.6లో శాంపిల్ తీసే పద్ధతి మార్చారు. అంతకుముందు వెర్షన్ ఉన్నవాడూ కొత్తది ఉన్నవాడూ ఒకే సీడ్ (ర్యాండమ్ ఎంపికని మొదలుపెట్టే అంకె) పెట్టినా వేరే వేరే శాంపిల్స్ వస్తాయి. "సార్, నా జవాబు మీదానితో కలవట్లేదు" అని వచ్చేవాళ్లలో కొందరి సంగతి ఇదే.

మెనూప్రియ

ల్యాబ్‌కాపలా గారికి దండం. ఇలాంటి వివరాలు ఏ ట్యుటోరియల్‌లోనూ దొరకవు.

జాస్ప్ గురించి రెండు ముక్కలు, పేరు జాబితాలో ఉంది కాబట్టి. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్లది. చూడటానికి జమోవిలాగే ఉంటుంది, ఎందుకంటే జమోవి మొదలుపెట్టినవాళ్లు అక్కడినుంచి వచ్చినవాళ్లే. మామూలు టెస్టుతో పాటు బేసియన్ టెస్టు (ముందున్న అంచనాని డేటాతో సవరించే పద్ధతి) పక్కపక్కనే చెయ్యడం దాని ప్రత్యేకత, ఉదాహరణ డేటా కూడా వివరణలతో సహా అందులోనే ఉంటుంది. చాలాకాలం లోపల డేటా దిద్దే వీలుండేది కాదు, ఇప్పుడు వచ్చింది. మీ సిలబస్‌లో బేసియన్ లేదు గనక నేను జమోవి వైపే మొగ్గుతాను.

అనోవాఅక్క

అనోవా వన్-వే వరకే అయితే, మామూలు ఫిషర్ పద్ధతి ఎంచుకుంటే ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసినా ఒకటే (జమోవి వన్-వే మెనూలో డిఫాల్ట్ టిక్కు వెల్చ్‌కి ఉంటుంది, చూసుకోండి). టూ-వే కూడా చెప్పి, గ్రూపుల్లో సంఖ్యలు సమానంగా లేని డేటా ఇస్తే మాత్రం జాగ్రత్త. ఆర్‌లో మామూలు అనోవా ఒకటో రకం సమ్ ఆఫ్ స్క్వేర్స్ (తేడాల్లో ఏ ఫ్యాక్టర్ వాటా ఎంతో చెప్పే లెక్క) ఇస్తుంది, ఫ్యాక్టర్లు రాసే వరస మారిస్తే పి-వాల్యూ మారిపోతుంది. జమోవి, జాస్ప్ మూడో రకం ఇస్తాయి. పుస్తకాల్లో లెక్కలన్నీ సమాన గ్రూపులతో ఉంటాయి కాబట్టి తేడా బయటపడదు, నిజం డేటా రాగానే పడుతుంది.

సగటుమనిషి

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత చర్చ వస్తుందనుకోలేదు. ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నాను. నమూనా గారన్నట్టు మొదట్లో బ్రౌజర్ యాప్లెట్లు. తర్వాత అందరికీ జమోవి, సింటాక్స్ మోడ్ ఆన్ చేసి. మ్యాథ్స్ వాళ్లకి చివర్లో నాలుగైదు ల్యాబ్‌లు ఆర్‌లో, జమోవిలో చూసిన కోడ్ తోనే మొదలుపెట్టి. శూన్యపరికల్పన గారికి ఇది రాజీలా కనిపించొచ్చు.

రెండు ప్రశ్నలు మిగిలాయి. పరీక్ష ఎలా పెట్టాలి? రిగ్రెషన్‌కి మంచి డేటా ఏది?

శూన్యపరికల్పన

రాజీయే, కానీ చెడ్డది కాదు. ఆర్ కోడ్ కళ్లబడుతూ ఉంటుంది, నాకది చాలు.

డేటాకి పెంగ్విన్లు తీసుకోండి: 344 పక్షులు, మూడు జాతులు. ముక్కు పొడవుకీ ముక్కు లోతుకీ మొత్తం మీద రిగ్రెషన్ గీస్తే గీత కిందికి వాలుతుంది. జాతుల వారీగా విడదీసి గీస్తే మూడు గీతలూ పైకే వెళ్తాయి. సింప్సన్ పారడాక్స్ ఇంత శుభ్రంగా కనిపించే డేటా అరుదు. కొన్ని విలువలు ఖాళీగా ఉన్నాయి, అదీ మంచిదే, మిస్సింగ్ డేటా ముచ్చట కూడా వచ్చేస్తుంది. ఒక జాగ్రత్త: ఆర్ 4.5 నుంచి ఈ డేటా ఆర్‌తో పాటే వస్తోంది, కానీ అందులో కాలమ్ పేర్లు కుదించారు. అంతకుముందు ఈ డేటా ఇచ్చిన పామర్‌పెంగ్విన్స్ ప్యాకేజీ కోసం రాసిన కోడ్ దానిమీద అలాగే నడవదు.

అనోవాఅక్క

పరీక్షలో సాఫ్ట్‌వేర్ నడిపించకండి. ఔట్‌పుట్ ప్రింట్ చేసి ఇచ్చి ప్రశ్నలు అడగండి. "ఈ పని చెయ్యడానికి ఏ అంకె చూడాలి, ఏది చూడక్కర్లేదు" అని ఒకటి తప్పకుండా పెట్టండి. స్లీప్ డేటాకి ఇండిపెండెంట్, పెయిర్డ్ రెండు ఔట్‌పుట్‌లూ పక్కపక్కన ఇచ్చి ఏది సరైనదో, ఎందుకో రాయమనండి. అందులో మార్కులన్నీ "ఎందుకు"కే.

ల్యాబ్‌కాపలా

సగటుమనిషి గారూ, మీ ల్యాబ్ చూసేవాళ్లకి జమోవి వెర్షన్ నంబరు, ఆర్ వెర్షన్ నంబరు రాసిచ్చి, సెమిస్టర్ అయ్యేదాకా అప్‌డేట్ చెయ్యొద్దని చెప్పండి. కావాల్సిన ప్యాకేజీల జాబితా కూడా ముందే ఇవ్వండి. క్లాసు మొదలయ్యాక అందరూ ఒకేసారి డౌన్‌లోడ్ నొక్కితే ఆ పీరియడ్ అయిపోయినట్టే.